నువ్వుగింజంత మచ్చ

ఆ రోజు ఖిచిడీలో ఉప్పు లేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే విద్యాసాగర్‌కు సంగతి తెలిసిపోయింది. అయినా తల వంచుకుని పళ్ళెం ఖాళీ చేశాడు. పక్కన పీట మీద కూర్చున్న అతని తల్లి శంకరమ్మ, ఉప్పు ఒక్క పిసరు తగ్గితే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఆమె కూడా అప్పడం నంజుకుంటూ నోరు మెదపకుండా తినేసింది. వడ్డించిన కోడలు ప్రభావతి చివర కూర్చుని తన పళ్ళెమూ ముగించింది. ఆమెకు ఉప్పు లేదన్న విషయమే తెలియలేదు.

ఎవరూ ఎవరినీ ఏమీ అనకపోవడం, అదే ఆ ఇంటికి పట్టిన జబ్బు. పోయిన వానకాలంలో ఆరేళ్ళ పద్మ జ్వరంతో పోయిన దగ్గర్నుంచి పట్టుకుంది. నాంపల్లి స్టేషన్‌లో బండి కూత వేస్తే డాబా మీదికి పరుగెత్తే పిల్ల అది. కుడికంటి తెల్లగుడ్డులో నువ్వుగింజంత గోధుమరంగు మచ్చ ఉండేది. "కంట్ల మచ్చున్న పిల్ల, మహారాణి అయితది" అని శంకరమ్మ వాడకట్టంతా చెప్పుకుని మురిసేది. ఇప్పుడు బండి కూత వేస్తే ఆ ఇంట్లో ముగ్గురూ మూడు వైపులకు చూస్తారు.

ప్రభావతి ఏడవలేదు. పిల్లను తీసుకెళ్తున్నప్పుడూ ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. "రాతిగుండె" అని నల్లా దగ్గర ఆడవాళ్ళు అనుకున్నారు. అదేం కాదు. చాలాసేపు మడత పెట్టి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి గిల్లినా తెలియదు చూడండి, ఆమెకు మనసు మనసంతా అలా తిమ్మిరెక్కింది. వండుతుంది, ఉతుకుతుంది, పడుకుంటుంది. అంతే.

విద్యాసాగర్ చేతులు కడుక్కుంటుండగా వాకిట్లో ఎవరో దగ్గారు. బషీర్‌బాగ్‌లో ఉండే ఇంద్రసేనారెడ్డి దొరగారి మనిషి అంజయ్య.

"సార్, దొర రమ్మన్నరు. మొన్న మీరిచ్చిన వాళ్ళమ్మ, మా పెద్దమ్మ తస్వీరు దింపి గోడ దిక్కు తిప్పి పెట్టిన్రు" అన్నాడు అంజయ్య.

విద్యాసాగర్ ముఖం పాలిపోయింది. "ఎందుకు? ఏమైంది?"

"నాకేం తెలుసు సార్. కళ్ళు మంచిగ లేవంటున్నరు. ఎల్లుండి పెద్దమ్మ సంవత్సరీకం. నాలుగు జిల్లాల నుంచి సుట్టాలొస్తరు. అమ్మగారిని గూడ తోలుకొని రమ్మన్నరు, లోపలి ఆడోళ్ళు మాట్లాడాలంటున్నరు."

"ఆమె రాదు. నేనొక్కన్నే వస్త."

"మిమ్మల్ని లోపలికెట్ల రానిస్తరు సార్?" అన్నాడు అంజయ్య, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

విద్యాసాగర్ భార్య వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం కన్నా భయమే ఎక్కువుంది. అది ప్రభావతి గమనించలేదు. "వస్త" అని మాత్రం అని, కొంగు సర్దుకుంది.

"జర బొట్టు దిద్దుకొని పో బిడ్డా" అంది శంకరమ్మ మెల్లగా.

ఆ పిలుపు ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ దంపతుల పనేమిటో చెప్పాలి. విద్యాసాగర్ బొంబాయిలో చిత్రకళ నేర్చుకుని వచ్చినవాడు. వచ్చిన కొత్తలో అబిడ్స్‌లో ఒక హాలు కిరాయికి తీసుకుని తన చిత్రాలన్నీ ప్రదర్శనకు పెట్టాడు. పెద్దపెద్దవాళ్ళు వచ్చారు. చాయ్ తాగారు, "బహుత్ ఖూబ్" అన్నారు, షేర్వానీలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఒక్కరూ ఒక్క చిత్రం కొనలేదు. కట్టిన దండలు వాడిపోయాక తన బొమ్మలన్నీ తనే ఇంటికి మోసుకొచ్చుకున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు, ఫోటోలు తీసే స్నేహితుడు ప్రహ్లాద్ ఒక ముసలాయన ఫోటో తెచ్చాడు. బతికుండగా ఫోటో తీయించుకోని మనిషి. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, తలపాగా చుట్టి తీశారు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. "దీన్ని పెద్దగ చేసిస్త. నువ్వు రంగులేసి కళ్ళు తెరిపించు" అన్నాడు ప్రహ్లాద్. విద్యాసాగర్ తెరిపించాడు. ఆ ఇంటి దినాలకు వచ్చిన చుట్టాలు ఆ బొమ్మ ముందు నిలబడి బావురుమన్నారు. వాళ్ళలో ఒకరింట్లో ఎవరో పోతే మళ్ళీ పిలుపు వచ్చింది. అలా ఒక ఇంటి దినాలు ఇంకో ఇంటి గిరాకీ తెచ్చి, అతని పేరు ఊరంతా పాకింది. హాలులో పెట్టిన చిత్రాన్ని మనిషి ఎంతసేపు చూస్తాడు? చాయ్ చల్లారేదాకా. ఈ బొమ్మలకు పొద్దున్నే స్నానం చేసి వచ్చి బొట్టు పెట్టేవాళ్ళు, దీపం వెలిగించి కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు. అలాంటి చూపరులు ఏ చిత్రకారుడికి దొరుకుతారు చెప్పండి!

అయితే, మూసిన కళ్ళు చూసి అవి తెరిస్తే ఎలా ఉండేవో ఎలా తెలుస్తుంది? చెప్పాల్సింది ఇంటి ఆడవాళ్ళు. పెద్దిళ్ళలో వాళ్ళు ఘోషాలో ఉంటారు, పరాయి మగవాడి ముందుకు రారు. అందుకని ప్రభావతి లోపలికి వెళ్ళేది. నేల మీద వాళ్ళ మధ్య కూర్చుని ఒక్కొక్కటే అడిగేది. చామనఛాయా, ఎరుపా? కళ్ళు పెద్దవా, లోపలికున్నవా? మనిషిని చూస్తే ముందు ఎటు చూసేది? అన్నీ తెలుసుకున్నాకే ఆఖరుకు, "నవ్వితే ఎట్లుంటుండె?" అని అడిగేది. అది మాత్రం ఎప్పుడూ చివర్నే. ఎందుకంటే ఆ మాటతో ఎంతటివాళ్ళకైనా ఏడుపు వచ్చేస్తుంది, ఆ తర్వాత ఇంకేమీ చెప్పలేరు. ఏడ్చినంతసేపూ ఆమె తల దించుకుని ఆగేది. తిరిగొచ్చి భర్తకు ఆమె చెబుతుంటే అతను వేసేవాడు. బతికున్న ముఖం చూడకుండా, భార్య మాట విని వేసిన బొమ్మలవి.

పద్మ పోయిన రోజు ప్రహ్లాద్ కెమెరా తెచ్చుకుని వాకిట్లో నిలబడ్డాడు. అలా కూర్చోబెట్టినవాళ్ళను ఎందరినో ఫోటోల్లో చూసిన ప్రభావతి, "నా బిడ్డను కూసోబెట్టొద్దు" అంది. బతికుండగా, ఫోటో తీస్తే పిల్లలకు ఆయుష్షు తగ్గుతుందని శంకరమ్మ తీయనివ్వలేదు. అలా పద్మ ముఖం ఈ లోకంలో ఎక్కడా లేకుండా పోయింది. కొన్నాళ్ళు ఆగి ప్రభావతి భర్తను ఒకే ఒక్కసారి అడిగింది, "మన పద్మది వేస్తరా?" అని. అతను గోడకేసి చూస్తూ, "నాకు వస్తలేదు ప్రభా" అన్నాడు. ఊళ్ళో అందరి కళ్ళూ తెరిపించే మనిషికి సొంత బిడ్డ ముఖం రాదట! ఆ రోజు నుంచి ఆమె అతని పని మీద గడప దాటలేదు. ఇళ్ళకు వెళ్ళి అడిగేవాళ్ళు లేకుండా అతను ఎలా వేస్తున్నాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

ఇద్దరూ టాంగాలో బషీర్‌బాగ్‌కు బయల్దేరారు. అబిడ్స్ మూల తిరుగుతుంటే విద్యాసాగర్ ఏదో చెప్పబోయి, టాంగావాణ్ణి తొందరపెట్టాడు.

ఇంద్రసేనారెడ్డి వరండాలోనే ఎదురయ్యాడు. "ఏందయ్యా విద్యాసాగర్, మా అమ్మ తస్వీరు గిట్లేసినవేంది? సుట్టాల ముందర నా ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. ఆ తర్వాత ప్రభావతిని చూసి గొంతు తగ్గించి, "లోపలికి పో అమ్మా, నీ కోసమే చూస్తున్నరు" అన్నాడు.

లోపలి గదిలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. దొరగారి భార్య శశికళ, పోయినామెకు అక్క అయిన వీరమ్మ. వీరమ్మకు తల వణుకుతున్నది గానీ మాట గట్టిగానే ఉంది.

"చూడు బిడ్డా, నువ్వే చూసి చెప్పు. మా చెల్లె నీకు తెల్వకపోవచ్చు గని, గీ కళ్ళు ముసలిదాని కళ్ళేనా?" అంది వీరమ్మ.

శశికళ గోడవైపున్న పటాన్ని ఇటు తిప్పింది.

తలంతా నెరిసిన ముసలమ్మ. ముక్కుకు బేసరి, మెడలో గుండ్ల పేరు, చెంపల మీద ముడతలు. ఆ ముడతల మధ్య నుంచి పద్మ చూస్తున్నది. కాస్త పైకెత్తి, ఏదో అడగబోతున్నట్టున్న ఆ చూపు పద్మదే. కుడికంటి తెల్లగుడ్డులో నువ్వుగింజంత మచ్చ.

ప్రభావతి కదల్లేదు. ఏమైనా అనిపిస్తుందేమోనని తనకు తానే కాసేపు చూసుకుంది. ఏమీ అనిపించలేదు. కాళ్ళ కింద నేల చల్లగా ఉందని మాత్రం తెలిసింది.

"మా అక్క అత్తగారిల్లు కోఠిల ఉన్నది. వాళ్ళ మామ తస్వీర్ల గూడ గిదే మచ్చ!" అంది శశికళ. "మా చిన్నత్త బొమ్మల గూడ ఉన్నది. మీ సార్ గుర్తుకు చేసే దస్తఖత్ ఏమో అనుకొని నవ్వుకున్నం. గని మా అత్తమ్మ కంట్ల పెడితే ఎట్ల ఊరుకుంటం?"

"కళ్ళు సక్కగనే ఉన్నై," అంది వీరమ్మ పటాన్ని దగ్గరగా చూస్తూ. "పసిపిల్ల కళ్ళ లెక్క ముద్దుగున్నై. ఎవ్వలవో గని, మా చెల్లెవి మాత్రం కావు."

ప్రభావతి నేల మీద కూర్చుంది. అలవాటైన మాటలు వాటంతటవే నోట్లోంచి వచ్చాయి. "పెద్దమ్మ కళ్ళు పెద్దవా, లోపలికున్నవా?"

"లోపలికి. చిన్న కళ్ళు. కుడిది జర మెల్ల. పెండ్లిచూపుల్ల తెలియకుండ కండ్లు దించుకునే కూసున్నది దొంగముండ!"

"మనిషిని చూస్తే ముందు ఎటు చూస్తుండె?"

"చేతులు చూస్తుండె. ఏమన్న తెచ్చిన్రా, ఉత్త చేతులతోని వచ్చిన్రా అని."

శశికళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రభావతి రెప్పల గురించి అడిగింది, కనుబొమ్మల గురించి అడిగింది. అంతా అయ్యాక, "నవ్వితే ఎట్లుంటుండె?" అంది.

వీరమ్మ నోరు తెరిచి, చెప్పబోయి ఏడ్చేసింది. తలతోపాటు ఒళ్ళంతా వణికింది. ప్రభావతి ఎప్పటిలాగే తల దించుకుని ఆగింది. ఎందరో ఏడ్చారు తన ముందు ఇలా. అందరికీ వచ్చిన ఏడుపు తనకెందుకు రాలేదో ఆమెకు అర్థం కాలేదు.

పటాన్ని బట్టలో చుట్టి టాంగాలో అబిడ్స్‌కు తెచ్చారు. ఫోటోల దుకాణం మీద చిన్న గది, అదే విద్యాసాగర్ పనిచేసే చోటు. తలుపు వేయగానే ప్రభావతి గోడకు ఆనుకుని నిలబడి అడిగింది.

"ఇంకెన్ని ఇండ్లల్ల ఉన్నది నా బిడ్డ?"

విద్యాసాగర్ పటం మీది బట్ట తీస్తూ ఆగిపోయాడు. "నువ్వు వచ్చుడు బంద్ చేసినంక వేసినయి... అన్నిట్ల."

"ముసలోళ్ళ ముఖాలల్ల పెట్టిన్రా? ముక్కు మొహం తెల్వనోళ్ళ గోడలకు వేలాడేసిన్రా? నేను అడిగితే వస్తలేదన్నరు! కన్నతల్లి అడిగితే రాని కళ్ళు, గిరాకీ కోసం వచ్చినయా?"

"ప్రభా, నెమ్మదిగ..."

"ఎందుకు నెమ్మదిగ? వాళ్ళు నవ్వుకున్నరట! దస్తఖత్ అనుకున్నరట నా బిడ్డ మచ్చ!"

అంత గట్టిగా తను అరవగలనని ఆమెకే తెలియదు. కింద దుకాణంలో మాటలు ఆగిపోయాయి. విద్యాసాగర్ స్టూలు మీద కూలబడ్డాడు.

"నిజంగనే వస్తలేదు," అన్నాడు. "నేనెట్ల వేస్తనో నీకు తెల్వదా? నువ్వు చెప్తవు, నేను వేస్త. నాకు చూసి వేసుడు ఎప్పుడో పోయింది. పద్మ గురించి నువ్వొక్క మాట చెప్పలె. అమ్మ చెప్పలె. ఇంట్ల దాని పేరెత్తేటోళ్ళు లేరు. ముఖం ఎంత తలుచుకున్నా అందుతలేదు ప్రభా. కళ్ళొక్కటే ఉన్నయి. ఆఖరు రోజు నన్నే చూస్తుండె గదా. కుంచె పడితే గవే వస్తున్నయి. తుడుద్దామనుకుంట, చెయ్యి రాదు."

"తుడవలేక పరాయోళ్ళకిచ్చిన్రా?"

అతను చేతిలోని బట్టను మడత పెట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు, "వాళ్ళ ఇండ్లల్ల రోజు దీపం పెడ్తరు. మనింట్ల పెడదామంటే ఏమున్నది? ఏడనో ఒక కాడ పెడ్తున్నరు గదా అనుకున్న."

ప్రభావతికి కోపం ఉన్నపళంగా జారిపోయింది. ఇన్నాళ్ళూ ఇతను పొద్దున్నే తిని వచ్చి, ఈ గదిలో ఒక్కడే కూర్చుని, దొరికిన ప్రతి ముఖంలోనూ బిడ్డను వెతుక్కున్నాడు. తను ఇంట్లో మొద్దుబారి కూర్చుని, ఇతనికి బాధ లేదనుకుంది. ఎంత తప్పుగా అనుకుంది!

"అత్తమ్మ ఫోటో వద్దన్నది," అంది మెల్లగా. "నేను కూసోబెట్టొద్దన్న. మీరు వస్తలేదన్నరు. ముగ్గురం కలిసి పిల్లను లేకుండ చేసినం."

విద్యాసాగర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అతని భుజాలు కదలడం ఆమె చూసింది. దగ్గరకు వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, కాసేపటికి అంది, "లేవున్రి. పెద్దమ్మ సంవత్సరీకం ఎల్లుండే. ఆమె బిడ్డలకు ఆమె కావాలె గదా."

అతను బట్టకు టర్పెంటైన్ అద్దాడు. పటం ఇచ్చి నాలుగు రోజులే అయింది, రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎడమ కన్ను మీద మెత్తగా రుద్దాడు. రంగు లేచి వచ్చింది. దాని కింద ఫోటోలో ఉన్న ముసలమ్మ మూసిన రెప్ప బయటపడింది. కుడికంటి దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది.

"జర ఆగున్రి" అంది ప్రభావతి. వంగి, ఆ మచ్చను కళ్ళారా చూసుకుంది. తర్వాత అతని మణికట్టు పట్టుకుని, తనే ముందుకు జరిపింది.

బట్ట ఒక్కసారి తిరిగింది. పద్మ కన్ను మూసుకుంది.

బిడ్డ పోయిన రోజు కూడా అంతే. తన అరచేత్తో తనే మూసింది. ఆ అరచేతి కింద రెప్పల వెంట్రుకలు తగిలిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ప్రభావతి తన అరచేతిని తిప్పి చూసుకుంది. "పోయింది" అంది. ఆ మాట ఆమె అనడం అదే మొదటిసారి.

ముసలమ్మ కళ్ళ గురించి వీరమ్మ చెప్పినవన్నీ చెప్పింది. చిన్నవి, లోపలికి, కుడిది కాస్త మెల్ల, చూపు ఎదుటివాళ్ళ చేతుల మీద. పాత రోజుల్లోలా ఆమె చెబుతూ పోతే అతను వేస్తూ పోయాడు. పొద్దు వాలేసరికి పటంలో గడుసు ముసలమ్మ ఒకతె కూర్చుని, ఏం తెచ్చారర్రా అన్నట్టు చూస్తున్నది. పద్మ లేదు.

కుంచెలు కడుగుతున్న భర్తను ప్రభావతి ఉన్నట్టుండి అడిగింది. "పొద్దున ఖిచిడీల ఉప్పు ఉండెనా?"

"లేకుండె."

"మరి చెప్పకపోతిరి?"

"ఏం చెప్పాలె నీకు..."

"చెప్పున్రి. అత్తమ్మను గూడ చెప్పమనున్రి. కొట్లాడమనున్రి. గిట్ల మర్యాదగ ఉంటే చచ్చిపోతం అందరం."

విద్యాసాగర్ ఆమెను చూశాడు. చాలా నెలల తర్వాత సరిగ్గా చూశాడు. లేచి, కొత్త కాగితం తెచ్చి పలకకు బిగించాడు. ఆమెను తన స్టూలు మీద కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చున్నాడు, ఇన్నేళ్ళూ ఆమె ఎవరెవరి ఇళ్ళలోనో కూర్చున్నట్టుగా.

"చామనఛాయా, ఎరుపా?" అని అడిగాడు.

ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు వెంటనే అర్థమైంది. "చామనఛాయ. ఎండల ఆడితే నల్లగయ్యేది. అత్తమ్మ సున్నిపిండి పెట్టి రుద్దుతుండె."

"ముఖం గుండ్రమా, కోలదా?"

"మీ లెక్క కోలది. గడ్డం మాత్రం నాది."

"జుట్టు?"

"ముందు దిక్కు పొట్టి వెంట్రుకలు. ఎంత నూనె పెట్టినా అణగకపోయేది. బండి కూత వినవడితే జడ సగంలనే నా చేతిలకెల్లి గుంజుకొని ఉరుకుతుండె."

ఒక్కొక్క మాటకూ కాగితం మీద ఒక్కొక్క గీత పడింది. నుదురు వచ్చింది, చెవి వచ్చింది, గీరుకుపోయిన మోచెయ్యి వచ్చింది. కళ్ళ గురించి అతను అడగలేదు. అవి అతని దగ్గరే ఉన్నాయి. మచ్చ కూడా పెట్టాక, పెదవుల దగ్గర పెన్సిలు ఆగింది. ఇక మిగిలింది ఒక్కటే. ఇద్దరికీ తెలుసు.

"ప్రభా," అన్నాడు. "నవ్వితే ఎట్లుంటుండె?"

ప్రభావతి చెబుదామనే నోరు తెరిచింది. ముందుపన్ను ఊడింది, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది, అని చెబుదామనుకుంది. మాటకు బదులు పొట్టలోంచి ఒక అరుపు వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి. పోయిన వానకాలం నుంచి గడ్డకట్టి ఉన్న ఏడుపంతా కదిలి, ఆమె స్టూలు మీద నుంచి జారి, నేల మీద అతని పక్కన పడి, "నా తల్లీ, నా పద్మా" అని గుండెలు బాదుకుంది.

విద్యాసాగర్ ఊరడించలేదు. పెన్సిలు కింద పెట్టి, ఆమె ఎన్నో ఇళ్ళలో చేసినట్టే, తల దించుకుని ఆగాడు.